మంచు అడవిలో మొదటి రోజు



ఈ నెల ఈ శీర్షికలో ఒక కంప్యూటరు ఆట గురించి రాస్తున్నాను. కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారని తెలుసు. "అయ్యగారికి రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అంటారు. కాస్త ఓపిక పట్టండి. యౌవనస్థులున్న ఇళ్లలో ఇప్పుడు ఫోనో, ల్యాప్‌టాపో ఉంటోంది. దాంట్లో ఏదో ఒక ఆట ఉంటోంది. ఆ ఆటల్ని మనం తిట్టడమే గాని, పక్కన కూర్చొని చూసినవాళ్లం ఎంతమందిమి? నేనొక ఆటను చూశాను. ఒక పూట కాదు, చాలా సాయంత్రాలు చూశాను. అందులో మొదటి రోజు సంగతి మాత్రమే ఇక్కడ చెబుతాను. ఎందుకంటే కొత్తగా ఆడేవాళ్లలో చాలామంది ఆ మొదటి రోజే చనిపోతారు.

ఆట పేరు 'ద లాంగ్ డార్క్'. సుదీర్ఘమైన చీకటి అని అర్థం. కెనడా దేశపు పడమటి తీరాన వాంకూవర్ ద్వీపంలో ఉన్న హింటర్‌లాండ్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేసింది. 2014 సెప్టెంబరులో సగం తయారైన రూపంలో జనానికి ఇచ్చి, 2017 ఆగస్టులో అధికారికంగా విడుదల చేశారు. కథ జరిగే చోటు గ్రేట్ బేర్ అనే ద్వీపం. అది కల్పితం. కాని అక్కడి చలి, మంచు, దేవదారు చెట్లు, గడ్డకట్టిన చెరువులు ఉత్తర కెనడావే. ఆకాశంలో ఏదో వింత వెలుగు పుట్టి, విద్యుత్తుతో నడిచే సమస్తమూ ఆగిపోతుంది. చిన్న విమానం ఒకటి కూలిపోతుంది. అందులోని మనిషి ఒంటరిగా మంచులో నిలబడి ఉంటాడు. ఆ మనిషే మీ అబ్బాయి.

ఇందులో మనుషుల్ని కాల్చే యుద్ధం లేదు. లేచి తిరిగే శవాలూ లేవు. అయితే చలికి బిగుసుకుపోయిన మృతదేహాలు అక్కడక్కడ కనబడతాయి గనుక చిన్నపిల్లలకు ఇది తగినది కాదని ముందే చెబుతున్నాను. ఆటలో కథ నడిచే భాగం వేరే ఉంది. నేను చెప్పేది రెండో భాగం. అందులో ఒక్కటే పని, బతికి ఉండడం. ఎన్ని రోజులు బతికితే అన్ని రోజులు. మామూలుగా ప్రాణం కూడా ఒక్కటే. చనిపోతే అప్పటిదాకా ఆడిందంతా చెరిగిపోతుంది. యాభై రోజులు నిలిచినవాడైనా మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టవలసిందే.

తెర మీద నాలుగు గుర్తులుంటాయి. ఒకటి ఒంట్లో వెచ్చదనం, రెండోది అలసట, మూడోది దాహం, నాలుగోది ఆకలి. వీటన్నిటి ఫలితంగా శరీరస్థితి అని ఇంకొకటి, 100 శాతంతో మొదలవుతుంది. నాలుగింటిలో ఏది అడుగంటినా శరీరస్థితి కరుగుతూ వస్తుంది. సున్నాకు వస్తే అంతే.

నాలుగూ ఒకే వేగంతో చంపవు. ఇది తెలియకే కొత్తవాడు పోతాడు. ఆకలితో మనిషి రోజుల తరబడి నిలుస్తాడు. దాహం అంతకంటే తొందరపెడుతుంది. చలి మాత్రం గంటల్లో ముగిస్తుంది. నిజమైన అడవుల్లో ప్రాణరక్షణ నేర్పేవాళ్లు కూడా ఒక మూడుల లెక్క చెబుతారు. గాలి లేకుండా మూడు నిమిషాలు, కఠినమైన వాతావరణంలో తలదాచుకునే చోటు లేకుండా మూడు గంటలు, నీళ్లు లేకుండా మూడు రోజులు, తిండి లేకుండా మూడు వారాలు. ఇది కొలబద్ద కాదు, ఉజ్జాయింపు. అయినా ఏది ముందో ఏది వెనకో ఈ లెక్క గుర్తుచేస్తుంది. మన మనసు మాత్రం ఎప్పుడూ తిండి వైపే ముందు పరుగెత్తుతుంది. ఆటలోకి కొత్తగా వచ్చినవాడు కూడా అంతే. జింక కనబడగానే దాని వెంట పడతాడు. ఇంతలో వెచ్చదనం గుర్తు ఎర్రబడుతుంది.

మా సంఘంలో ఒక రైతు కుటుంబం ఉంది. మిరప, కొంత వరి సాగుచేస్తారు. పెద్దవాడు పట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. నాలుగు సబ్జెక్టులు తప్పి సెలవులకు ఇంటికొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడడు, అన్నం పళ్లెం గదిలోకే తీసుకుపోతాడు. తండ్రి నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మావాడు రాత్రంతా మంచులో తిరుగుతున్నాడండీ. మీరొకసారి వచ్చి ప్రార్థన చేసి, నాలుగు చీవాట్లు పెట్టండి" అన్నాడు. మంచేమిటో నాకు అర్థం కాలేదు. వెళ్లాను. పిల్లవాడు ముఖం అటు తిప్పుకున్నాడు గాని, మంచం మీద కాస్త జరిగి చోటిచ్చాడు. వాళ్లమ్మ ఇచ్చిన టీ నేను తాగడం పూర్తికాకముందే తెర మీద ఆ మనిషి చనిపోయాడు.

"ఇది ఎన్నోసారి బాబూ?" అని అడిగాను.

"లెక్కపెట్టలేదండి. ఎప్పుడూ మొదటి రోజే పోతన్నాను."

ఈ ఆటలో ప్రధానంగా నాలుగు మెట్లున్నాయి. అన్నిటికంటే తేలికైన దాని పేరు పిల్‌గ్రిమ్, అంటే యాత్రికుడు. బైబిలు చదివే మనకు ఆ మాట పరిచయమే. అందులో తోడేళ్లు మనిషిని చూసి తప్పుకొంటాయి. తరువాతిది వోయాజర్. పూర్వం కెనడా నదుల మీద పడవల్లో తోళ్ల వ్యాపారం మోసిన కూలీల పేరది. మూడోది స్టాకర్. నాలుగోది ఇంటర్‌లోపర్, మన మాటల్లో పిలవని పేరంటానికి వచ్చినవాడు. ఆ నాలుగో మెట్టులో తుపాకీ ఎక్కడా దొరకదు. కత్తి, గొడ్డలి కావాలంటే కొలిమి వెతుక్కొని తానే కాచుకోవాలి. ఒంటిమీద పలచటి బట్టలు. అగ్గిపెట్టె దొరికేదాకా నిప్పు కూడా లేదు.

మనవాడు ఆడుతున్నది ఆ నాలుగోది.

"ముందు తేలికది ఆడావా?"

"దానికి విలువేముందండి? మా హాస్టల్లో అందరూ ఇదే ఆడతారు."

నేనేమీ అనలేదు. చీవాట్లు పెట్టడానికి వెళ్లినవాణ్ణి, ఊరికే కూర్చున్నాను. వెనక గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న తండ్రి మాత్రం ఊరుకోలేకపోయాడు. మనిషి కొండవాలున పరుగెత్తుతున్నాడు. "ఒరేయ్, ఎంత పొద్దుందో చూసుకున్నావా?" అన్నాడు.

"పొద్దేంటి నాన్నా?"

"పొద్దురా! నీడ అంత పొడుగు పడతంటే పైకి పోతావేంటి? చీకటి పడితే ఎక్కడుంటావు?"

పిల్లవాడు ఆగాడు. ఆకాశం చూశాడు. నిజమే, సాయంత్రమైంది. ఈ ఆటలో పగలు చాలా వేగంగా గడిచిపోతుంది. రాత్రి చలి పగటి చలి కాదు. ఎప్పుడు ఆగాలో తెలియనివాడికి మొదటి రాత్రే చివరి రాత్రి. అంతకుముందు వాడు పోయినవన్నీ దాదాపు ఇలాగే అని తరువాత వాడే చెప్పాడు. ఇంకొక్క ఇల్లు వెతుకుదాం, ఇంకొక్క మలుపు చూద్దాం అనుకుంటూ వెళ్లడం, చీకట్లో దారి తప్పడం, చలికి పడిపోవడం.

తండ్రి మంచం అంచున కూర్చున్నాడు. కాసేపటికి ఇంకో మాట. "ఆ పుల్లలు తొక్కుకుంటా పోతన్నావేం? ఏరుకో." చెట్ల కింద మంచులో చితుకులు పడి ఉన్నాయి. పిల్లవాడికి అవి కళ్లబడలేదు, వాడు వెతుకుతున్నది డబ్బాల తిండి ఉండే ఇళ్లు. చేతిలో గొడ్డలి లేకపోయినా ఏరుకోగలిగినవి ఆ చితుకులే. మిరప కళ్లంలో రాత్రిళ్లు కాపలా కాసిన మనిషికి చలిమంట ఎలా వేయాలో ఒకరు చెప్పాలా?

మొదటి రోజు ఏం చేయాలో వరసగా చెబుతాను. నిలబడ్డ చోటనే ముందు ఒకసారి చుట్టూ చూడాలి. గాలి ఎటునుంచి వస్తోందో గమనించాలి. ఆటలో గాలి చలి, మామూలు చలి వేరువేరుగా లెక్కిస్తారు. ఒంటిమీది బట్టలు ఎంత వెచ్చదనమిస్తాయో అదీ కలిపి మొత్తం చెబుతారు. బండ చాటుకో గుహలోకో వెళ్తే ఆ గాలి లెక్క తగ్గిపోతుంది. ఇది నిజజీవితంలోనూ నిజమే. మన ఒంటిని అంటుకొని ఉండే వెచ్చని గాలి పొరను ఈదరగాలి ఊడ్చుకుపోతుంది. తడి బట్ట ఇంకా ప్రమాదం. ఆటలో తడిసిన బట్టలు గడ్డకట్టి బరువెక్కుతాయి, వాటిని పొయ్యి దగ్గర ఆరబెట్టుకోవాలి.

తరువాత తలదాచుకునే చోటు. కొత్తవాళ్లకు అనువైన ప్రాంతం మిస్టరీ లేక్ అనే చెరువు పరిసరాలు. గడ్డకట్టిన చెరువు ఒడ్డున పాత కార్యాలయం ఒకటి ఉంటుంది. దాంట్లో మంచాలు, పొయ్యి ఉంటాయి. చెరువు మీద చేపలు పట్టేవాళ్ల చిన్న గుడిసెలు, ఓ పక్క రైలు పట్టాలు, దూరంగా ఒక ఆనకట్ట. రైలు పట్టా కనబడితే దాన్ని పట్టుకొని నడవడం మంచిది. మనుషులు వేసిన దారి మనుషులు ఉండిన చోటికే పోతుంది. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు బట్టలు చూడాలి. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మేజోళ్ల జత. కుర్రాళ్లకు ఇవి చప్పగా ఉంటాయి. ఆ మేజోళ్లే ప్రాణం నిలుపుతాయి.

అన్నీ మోసుకుపోదామన్నా కుదరదు. మనిషి మోయగల బరువు 30 కిలోలు. దాటితే నడక మందగిస్తుంది, అలసట పెరుగుతుంది, ఏటవాలు నేల మీద కాలు బెణుకుతుంది. మనవాడి సంచిలో ఒకసారి చూశాను, పనికిరాని ఇనుప సామానే సగం. ఎందుకు బాబూ అంటే "ముందుముందు కావాలండి" అన్నాడు. ముందుముందు అనేది రావాలంటే ఈ రాత్రి గడవాలి గదా అన్నాడు తండ్రి. ఆ మాటకు పిల్లవాడు నవ్వాడు. ఆ ఇంట్లో ఆ సెలవుల్లో వాడు నవ్వడం అదే మొదటిసారట, వాళ్లమ్మ వంటగదిలోంచి బయటికొచ్చి చూసింది.

ఇక నిప్పు. అగ్గిపుల్ల ఉన్నంత మాత్రాన మంట రాదు. నేర్పు లేని రోజుల్లో ముందు రాజుకునే ఎండు తుక్కు కావాలి. పాత కాగితం, బూర్జు చెట్టు బెరడు, జమ్ము కంకి, ఇలాంటివి. దానిపైన చితుకులు, ఆపైన కట్టె. అయినా ప్రతిసారీ అంటుకోదు. ఒక అగ్గిపుల్ల వృథా అవుతుంది, గుండె గుభేలుమంటుంది. బయట గాలికి ఎదురుగా మంట వేస్తే గాలి మళ్లగానే ఆరిపోతుంది. గాలి చాటున వేయాలి. మంట వేసేముందే ఆ మంట మీద చేయవలసిన పనులన్నీ సిద్ధం చేసుకోవాలి. ఉన్న అగ్గిపుల్లలు కొద్ది. ఒక్క మంటతోనే కాచుకోవాలి, నీళ్లు మరిగించుకోవాలి, వండుకోవాలి, బట్టలు ఆరబెట్టుకోవాలి.

ఇక్కడ నాకు అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయాలు గుర్తొచ్చాయి. పౌలు ఎక్కిన ఓడ బద్దలై 276 మంది మెలితే ఒడ్డుకు చేరారు. వాన, చలి. ఆ ద్వీపవాసులు వాళ్లకోసం మొదట చేసిన పని నిప్పు రాజేయడం. ఆ గుంపులో అపొస్తలుడు కూడా ఖాళీగా కూర్చోలేదు, పుల్లలు ఏరుకొచ్చాడు. ఆ కట్టెలలోనుంచే గదా పాము వచ్చింది. పాము సంగతి మనమెన్నోసార్లు విన్నాం. పుల్లలు ఏరిన సంగతి మీద ప్రసంగం విన్న జ్ఞాపకం నాకైతే లేదు.

నీళ్ల దగ్గర తండ్రీకొడుకులకు వాదన వచ్చింది. "చుట్టూ మంచే గదరా, నోట్లో వేసుకుంటే పోలా?" అన్నాడు తండ్రి. "కాదు నాన్నా, కరిగించాలి, మళ్లీ మరిగించాలి. లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి" అన్నాడు కొడుకు. ఈసారి కొడుకుదే ఒప్పు. ఆటలో కరిగిన మంచు నీరు మరిగితేగాని తాగడానికి పనికిరాదు. నిజంగా కూడా చలికి వణుకుతున్నవాడు మంచు తింటే, దాన్ని కరిగించడానికి ఒంట్లోని వేడే ఖర్చవుతుంది. తనకు తెలియనిది కొడుకు చెబుతుంటే ఆ రైతు ముఖం చూడాలి మీరు. తిట్టడానికి పిలిపించిన అయ్యగారి మాట ఎప్పుడో మరిచిపోయాడు. మొదటి రోజు పడుకునేముందు ఒకటి రెండు లీటర్ల నీళ్లు సిద్ధంగా ఉంటే తెల్లవారి సగం బెంగ తీరినట్టే.

తిండి చివర. ఇళ్లలో డబ్బాలు దొరికితే సరే. దొరకకపోతే చెరువు గట్టున జమ్ము ఉంటుంది. తెర మీద అది కనబడగానే తండ్రి, "అరె, ఇది మన కాలవ గట్టు జమ్మేగా!" అన్నాడు. అదే జాతి. ఇక్కడ మనం చాపలకూ కప్పులకూ వాడేది, అక్కడ దాని కాడ లోపలి భాగం తింటారు. ఆటలో ఒక్కో కాడకు 150 క్యాలరీలు. అది కుళ్లదు, వండనక్కరలేదు, గొడ్డలి అక్కరలేదు, కంకి నిప్పు రాజేయడానికి పనికొస్తుంది. జింక మాంసం గొప్పదే. కాని పచ్చిమాంసం సంచిలో వేసుకుంటే ఆ వాసనకు తోడేళ్లు వెంటబడతాయి. మొదటి రోజు జమ్ముతో సరిపెట్టుకున్నవాడు రెండో రోజు చూస్తాడు. దారిలో అడవి గులాబీ కాయలు, కొమ్మలకు ముసలివాడి గడ్డంలా వేలాడే నాచు కనబడితే అవీ కోసుకోవాలి. కాయలతో నొప్పికి కషాయం, నాచుతో గాయానికి కట్టు.

తోడేలు ఎదురైతే పరుగెత్తవద్దు. చేతిలో మండే కాగడా ఉంటే వెనకాడుతుంది. చెరువు మీద నడిచేటప్పుడు మంచుగడ్డ పగిలే చప్పుడు వింటే వచ్చిన దారినే వెనక్కి రావాలి. నీళ్లలో పడితే ఒంటిమీది బట్టలన్నీ తడిసి, నిప్పు లేనివాడు ఇక కోలుకోడు. మంచు తుఫాను మొదలైతే ఏ పనీ లేదు, లోపల కూర్చోవడమే. మా కుర్రాడికి అన్నిటికంటే కష్టమైంది ఈ కూర్చోవడమే. చేతులు ఊరుకోవు.

రాత్రి పడుకునేముందు కప్పుకోవడానికేముందో చూసుకోవాలి. చలిగా ఉన్న చోట ఎక్కువ గంటలు నిద్రపోతే ఆ నిద్రలోనే పోవచ్చు. నీళ్లు తాగి, కాస్త తిని పడుకుంటే కొద్దిగా చెడిన శరీరస్థితి తెల్లారేసరికి కొంత తిరిగొస్తుంది.

ఆట చెప్పనివి, తప్పుగా చెప్పేవి కూడా ఉన్నాయి. అందులో తోడేళ్లు కనబడిన మనిషి మీదికల్లా వస్తాయి. నిజమైన తోడేళ్లు మనుషుల మీద పడడం చాలా అరుదు. అందులో మాత్రలు వేసుకొని పది గంటలు పడుకుంటే విరేచనాలు తగ్గిపోతాయి. మన పిల్లలకు విరేచనాలైతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పడుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. పరుగెత్తితే పట్టే చెమట కూడా నిజమైన చలిలో శత్రువే, లోపలి బట్టలను అది తడిపేస్తుంది. ముఖ్యంగా ఇంకొకటి. ఆ ఆటలో మనిషి గుహలో మంట వేసుకొని హాయిగా పడుకుంటాడు, పొగ బాధ అసలుండదు. దయచేసి ఎవరూ దాన్ని నమ్మవద్దు. చలికాలంలో తలుపులు, కిటికీలు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకునే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ముఖ్యంగా బాలింత ఉన్న ఇంట్లో. బొగ్గు సరిగా కాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. పడుకున్నవాళ్లకు ప్రమాదం తెలియనే తెలియదు. తల్లీబిడ్డలు లేవరు. బొగ్గుల కుంపటిని గదిలో అసలు పెట్టవద్దు, బయటే ఉంచండి. కిటికీ ఒక రెక్క తెరిచి ఉంచినా గదిలో కుంపటి క్షేమం కాదు. ఈ వ్యాసంలో మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మళ్లీ ఆ పిల్లవాడి సంగతి. వారం తరువాత ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మెట్టు మార్చానండి. రెండోది ఆడతన్నాను. తొమ్మిది రోజులు బతికాను" అన్నాడు. నేను పరీక్షల సంగతి ఎత్తలేదు, వాడే ఎత్తాడు. తప్పిన నాలుగూ ఒకేసారి రాసి నెగ్గి చూపిస్తానని ఫీజు కట్టబోయాడట. ఇప్పుడు రెండే రాస్తానన్నాడు. ఆట వల్లనే వాడికి ఆ ఆలోచన వచ్చిందని నేను అనను, అలాంటి సాక్ష్యాలు అల్లడం నాకిష్టం లేదు. వాళ్ల నాన్న పక్కన కూర్చోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. రెండు రాశాడు. ఒకటి నెగ్గాడు, ఒకటి పోయింది. పోయినదాన్ని మళ్లీ రాస్తున్నాడు. ఈసారి ఇంట్లో చెప్పి రాస్తున్నాడు, అది నాకు సంతోషం.

ఆ ఇంట్లో అంతా చక్కబడిందని కూడా అనుకోవద్దు. రాత్రి పదిన్నరకు ల్యాప్‌టాప్ మూయాలని తండ్రి పెట్టిన నియమం మీద ఇప్పటికీ గొడవ నడుస్తూనే ఉంది. నేను తండ్రి పక్షమే. ఆ ఆటలో అలసట గుర్తు ఎర్రబడితే మనిషిని పడుకోబెట్టే పిల్లవాడు, తాను మాత్రం రెండింటిదాకా మేలుకుంటే ఎలా? ఆ మాట వాడితోనే అన్నాను. వాడు "అది వేరండి" అన్నాడు. ఎలా వేరో ఇంకా చెప్పలేదు.

మీ ఇంట్లో పిల్లవాడో పిల్లో ఇలాంటి ఆట ఆడుతుంటే, ఒక సాయంత్రం పొలం పనయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కొని పక్కన కూర్చోండి. ఫోను లాక్కోవడం తరువాత చూద్దాం. పేరు పలకడం రాకపోయినా ఫర్వాలేదు. మొదట అడగవలసినది ఒక్కటే. "ఏ మెట్టు ఆడుతున్నావు?" అని. అన్నిటికంటే కష్టమైనదే అని జవాబొస్తే, ఎవరికి చూపించడానికని మెల్లగా అడగండి. ఆ జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా తెర మీద నీడలు పొడుగవుతుంటే, పొద్దు చూసుకోమని చెప్పండి.